ఎవరి ప్రయాణం?

ఆధార్ కార్డు ప్రకారం మా నాయనకు 74 ఏళ్లు. కార్డు తీసిన రోజు కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు నాయన ముఖం చూసి వేసిన లెక్క అది. నాయన లెక్క వేరు. వాళ్ల అక్క పెళ్లినాటికి తాను చెట్టెక్కి తేనెపట్టు కోసేంత వాడినని చెబుతాడు. ఏ లెక్కన చూసినా ముసలివాడే. బీపీ ఉంది. ఎడమ మోకాలు సరిగా వంగదు. కుడిచెవి వినికిడి తగ్గింది.

ఈ దీపావళి అయిన వారానికి, మేం బడి నుంచి వచ్చి బండికి స్టాండు వేస్తుంటే అరుగు మీద నుంచి అడిగాడు.

"చిన్నోడా, సంక్రాంతి సెలవల్లో నన్ను బండి మీద అక్క కాడికి తీసకపోతావా?"

ఆయన అక్క, అంటే మా మేనత్త, సూళ్లూరుపేట దగ్గర పులికాట్ సరస్సు వైపు ఒక గిరిజన కాలనీలో ఉంటుంది. ఆమె అత్తగారివాళ్లు శ్రీహరికోట దీవి యానాదులు. దీవి అంతరిక్ష కేంద్రం కిందికి వచ్చాక ఇవతలి ఒడ్డున స్థిరపడ్డారు. నాయన ఆమెను చూసి తొమ్మిదేళ్లయింది. ఫోనులో ఇద్దరూ మాట్లాడుకుంటారు గానీ, ఆయనకు కుడిచెవి వినపడదు, ఆమెకు రెండూ వినపడవు. "బాగుండావా", "బాగుండావా" అని ఇద్దరూ అడుగుతారు, ఇద్దరూ జవాబు చెప్పరు.

వింజమూరు నుంచి నెల్లూరు మీదుగా సూళ్లూరుపేటకు నూట అరవై కిలోమీటర్ల పైమాటే. బస్సు మారి బస్సెక్కితే సాయంత్రానికి చేరిపోవచ్చు. ఆ మాటే అన్నాం. నాయన తల అడ్డంగా ఊపాడు. బస్సు వద్దట. బండి మీదే పోవాలట. మెల్లగా, రెండు మూడు రాత్రులు దారిలో ఆగుతూ పోదాం అన్నాడు.

ఇది చిన్న విషయంలాగే కనిపిస్తుంది. ఒక ముసలాయన, ఒక బండి, నాలుగు రోజుల సెలవు. కానీ ఈ రెండు నెలల్లో మా ఇంట్లో దీని మీద జరిగినంత వాదన ఇల్లు కట్టుకున్నప్పుడు కూడా జరగలేదు. ఆ వాదనలో మాకు తేలని ప్రశ్న ఒకటి ఉంది. ముసలితనంలో తల్లిదండ్రుల కోరిక ఒకవైపు, వాళ్ల క్షేమం ఒకవైపు నిలబడితే తీర్పు చెప్పే హక్కు ఎవరిది? మన పిల్లలు ఇప్పుడు కానిస్టేబుళ్లు, నర్సులు, టీచర్లు అయి బండ్లు కొనుక్కుంటున్నారు. వెనక సీటు మీద అమ్మానాయనలు ఎక్కే రోజులు వచ్చాయి కాబట్టి ఈ ప్రశ్న మా ఇంటిది మాత్రమే కాదనిపించి రాస్తున్నాం.

మా చెల్లెలు ఆత్మకూరు వైపు ఏఎన్ఎంగా పనిచేస్తుంది. రోజూ ముసలివాళ్లకు బీపీ చూసే మనిషి. ఫోనులోనే గయ్యిమంది. "అన్నా, నీకేమన్నా మతి పోయిందా? ఆ మోకాలితో బండి మీదా? గతుకులో ఎగిరి పడితే నడుం విరుగుద్ది. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే మనిషి మంచం దిగడు." అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. మా ఇంటామె మాత్రం, "ఆయన ఇంతవరకు ఏమీ అడగలేదు గదా" అంది. అదీ అబద్ధం కాదు.

సరే, జాగ్రత్తగా తీసుకెళ్దాం అనుకున్నాం. బడిపంతుళ్లం కదా, ముందు కాగితం మీద ప్రణాళిక వేసుకోవాలి. ఒక ఆదివారం కూర్చుని ఫోనులో పటం తెరిచి చక్కగా రాశాం. మొదటిరోజు పెంచలకోన. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడిన చోటు, ఆమె మన ఆడబిడ్డ అని మనవాళ్లు చెప్పుకునే చోటు, నాయన చూడాలి కదా. రాత్రికి అక్కడే గది. రెండోరోజు నేలపట్టులో పక్షులు. మూడోరోజు మేనత్త ఇల్లు. కుదిరితే శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం చూసే గ్యాలరీ. 2019లో జనం కోసం తెరిచారు, ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుంటే చూడనిస్తారు. ప్రయోగం తేదీ మన సెలవులతో కలిస్తే మేనత్తను కూడా తీసుకెళ్లొచ్చు అనుకున్నాం. ఈ జాబితాను ఇంటి వాట్సాప్ గ్రూపులో పెడితే మేనల్లుళ్లు, మేనకోడళ్లు చప్పట్ల బొమ్మలు పంపారు. చెల్లెలు ఏమీ పంపలేదు.

రాత్రి అన్నాలయ్యాక నాయనకు చదివి వినిపించాం. ఆయన ఓపిగ్గా విన్నాడు. చివర్లో అడిగాడు.

"ఇది ఎవురి ప్రయాణం చిన్నోడా?"

"నీదే నాయనా."

"నేను అడిగిన ఊరు ఒక్కటే ఉండాది గదా ఇందులో."

ఆయన దారి ఆయన చెప్పాడు. ఆత్మకూరు, సంగం, సంగం కాడ ఏరు దాటి పొదలకూరు, అక్కణ్ణుంచి రాపూరు, రాపూరు నుంచి గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట. నెల్లూరు వద్దు, పెద్దరోడ్డు వద్దు. ఆయనా మా అమ్మా పెళ్లయిన కొత్తలో పనుల కోసం తిరిగిన దారి ఇదట. వేసవిలో పెన్న ఇసకలో నడిచి దాటేవాళ్లట. ఇప్పుడు సంగం దగ్గర 2022లో ప్రారంభించిన బ్యారేజీ మీద నుంచి బండి పోతుందని చెబితే, "అయితే ఏట్లో కాళ్లు కడుక్కునే పని లేదన్నమాట" అన్నాడు. అందులో సంతోషముందో, వెలితి ఉందో మాకు తెలియలేదు. పెంచలకోన గురించి మాత్రం స్పష్టంగా చెప్పాడు. "దేవుడు యాడికీ పోడు. అక్క పోద్ది."

ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. మేం నిజంగా ఆయన కోసమే ఆ జాబితా రాశామా? పెంచలకోన మేం చూడాలనుకున్నది. పక్షులు మా పిల్లలకు ఫోటోలు పంపడానికి. రాకెట్ గ్యాలరీ, ఒప్పుకోవాలంటే సిగ్గుగానే ఉంది, బడిలో చెప్పుకోవడానికి. నాయనను ఎక్కించుకుని మేం మా ప్రయాణం చేయబోయాం. పైగా దానికి సేవ అని పేరు పెట్టుకున్నాం.

తల్లిదండ్రుల సేవ అనగానే బడిలో మేం చెప్పే కథ శ్రవణకుమారుడిది. గుడ్డి తల్లిదండ్రుల్ని కావడిలో కూర్చోబెట్టుకుని తీర్థయాత్రలు తిప్పాడని జనంలో ఉన్న కథ. ఇరవై ఏళ్లుగా ఆ పాఠం చెబుతున్నాం. ఒక్కసారి కూడా ఆ తల్లిదండ్రులు ఏం మాట్లాడుకున్నారని పిల్లల్ని అడగలేదు. కావడి మనవాళ్లకు కొత్త కాదు. చేపలు, నీళ్లు, కట్టెలు మోసిన భుజాలు మనవి. కావడిలో పెట్టేది బరువు. బరువుకు నోరుండదు, దారి అడగదు. ఆ కథలో కొడుకు మంచితనం ఎంత కనబడుతుందో, తల్లిదండ్రులు అంత కనబడకుండా పోతారు.

మన కాలంలోనే ఇంకొక ఉదాహరణ ఉంది. మైసూరుకు చెందిన కృష్ణకుమార్ అనే ఆయన 2018 జనవరిలో ఉద్యోగం వదులుకుని, తండ్రి వాడిన పాత బజాజ్ చేతక్ స్కూటర్ మీద తల్లిని ఎక్కించుకుని దేశమంతా తిప్పాడు. పేపర్లలో చాలా వచ్చింది. అందరూ ఆయన్ని కలియుగ శ్రవణుడు అన్నారు. మాకు ఆ కథలో నచ్చింది స్కూటర్ కాదు, వేల కిలోమీటర్లూ కాదు. జీవితమంతా వంటింట్లో గడిపిన ఆ తల్లిని కొడుకు ఒక మాట అడిగాడు. ఫలానా గుళ్లు చూశావా అమ్మా అని. ఆమె, పక్కనున్న బేలూరు హళేబీడు కూడా చూడలేదురా అంది. అడగడం, జవాబు వినడం ముందు జరిగాయి, బండి తర్వాత కదిలింది. మేం ఆ రెండూ వదిలేసి నేరుగా బండి దగ్గరికి పోయాం.

నాయన దారిలోనే పోదామని ఒప్పుకున్నాక పనులు మొదలయ్యాయి. బండి వెనక ఎక్కే ముసలి మనిషికి ఏమేం కావాలో చేసి చూస్తే గాని తెలియదు. మోకాలు వంగని మనిషి సీటు మీదుగా కాలు తిప్పలేడు. ఎక్కడానికి అరుగో బండో ఉన్నచోటే ఆపాలి. లేకపోతే చిన్న పీట వెంట తీసుకుపోవాలి. కాళ్లు పెట్టుకునే ఊచ ఆయన మోకాలికి చాలా పైన ఉంది. మెకానిక్ దగ్గర రెండువైపులా వెడల్పు రేకు కిందికి దించి వేయించాం. వెనక క్యారియర్‌కు వీపు ఆనించుకునే మెత్త కట్టించాం. నలభైకి మించని వేగం. ఇరవై కిలోమీటర్లకొకసారి దిగి పది నిమిషాలు నడవడం. సంక్రాంతి రోజుల్లో పొద్దున మంచు ఉంటుంది కాబట్టి ఎనిమిది దాటాక బయల్దేరడం, నాలుగింటికల్లా చేరడం. ఇసక లారీలు తిరిగే చోట తొందరపడకపోవడం. స్పీడ్‌బ్రేకర్ వస్తుంటే ముందే గట్టిగా చెప్పడం, అదీ ఎడమచెవి వైపు తల తిప్పి.

హెల్మెట్ దగ్గర పెద్ద గొడవ. వెనక కూర్చున్నవాళ్లకు కూడా హెల్మెట్ తప్పనిసరి అని చట్టం చెబుతుంది. నాయన అది పెట్టుకుని, "కుండలో తల ఇరుక్కున్న కుక్క మాదిరి ఉండా" అన్నాడు. కానీ ఒప్పుకున్నాడు. ఒప్పుకోనిది ఇంకొకటి. కునుకు పట్టి వెనక్కి పడిపోతాడేమోనని, తువ్వాలుతో మా నడుముకూ ఆయన నడుముకూ కలిపి కట్టమని చెల్లెలు చెప్పింది. పల్లెల్లో చాలామంది అట్లా కట్టుకుని పోతారు. తువ్వాలు చేతిలోకి తీసుకోగానే నాయన బండి దిగేశాడు.

"కట్టబాక చిన్నోడా. నిద్రొస్తే చెప్తా. ఆపు. కట్టబాక."

ఆయన చిన్నతనంలో అయిదేళ్లు అప్పు కింద ఒక రైతు దగ్గర కాపలాకు ఉన్నాడు. వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది 1976లో. ఆయన వయసు దానికంటే పెద్దది. ఆ విషయం ఆయన ఆ రోజు ఎత్తలేదు. మేమూ అడగలేదు. తువ్వాలు మడిచి లోపల పెట్టాం.

ఇంతవరకు అంతా సవ్యంగానే నడిచింది. డిసెంబరు మొదటివారంలో, నాలుగో తరగతి చదివే మా కాలనీ పాప ఒకతె మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టాక మా దగ్గరకొచ్చి నిలబడింది. ఎంతసేపటికీ కదలదు. చివరికి, "సార్, చెప్పబాకని ఒట్టు వేయించుకున్నాడు, అయినా చెబుతా" అంది. మూడురోజుల కిందట పొద్దున మేకల దొడ్డి దగ్గర తాత కూలబడిపోయాడట. కాసేపు అట్లాగే కూర్చుని, లేచి, "మా చిన్నోడికి చెప్పబాక" అన్నాడట.

ఆ సాయంత్రం మేం గొప్పగా ఏమీ ఆలోచించలేదు. ఇంటికి పోయి అరిచాం. నువ్వు చిన్నపిల్లోడివా, దారిలో ఇట్లా అయితే మా గతి ఏం కావాలి, ఎందుకు దాచావు అని. నాయన ఎదురు మాట్లాడలేదు. చాలాసేపయ్యాక గోడ వైపు చూస్తూ అన్నాడు.

"చెప్తే మానిపిస్తారు గదా."

ఈ మాట మేం అంతకుముందు ఒకసారి విన్నాం. అయిదారేళ్ల కిందట బడి పిల్లల్ని విహారయాత్రకు తీసుకెళ్తుంటే బస్సులో ఒక పిల్లవాడు వాంతి చేసుకున్నాడు. ఒళ్లు కాలిపోతోంది. రెండు రోజులుగా జ్వరమట. ఎందుకురా చెప్పలేదంటే, "చెబితే మానిపిస్తారు సార్" అన్నాడు. ఆ పిల్లవాడు అబద్ధాలాడే రకం కాదు. నిజం చెబితే ఏమవుతుందో లెక్క వేసుకున్నాడు, అంతే. ఆ లెక్క నేర్పింది మేమే. జ్వరం అన్నవాళ్ల పేరు కొట్టేస్తామని ముందురోజు మేమే ప్రకటించాం.

మా ఆలోచన మలుపు తిరిగింది ఇక్కడే. మనం భద్రత పేరుతో ముసలివాళ్ల దగ్గర నుంచి ఒక్కొక్కటే తీసేసుకుంటూ పోతాం. చెట్టెక్కొద్దు, అడవిలోకి పోవద్దు, చేపలకు పోవద్దు, ఒంటరిగా ఊరు దాటొద్దు. ప్రతి ఒక్కటీ వాళ్లు చెప్పిన ఏదో ఒక నిజం తర్వాతే తీసేసుకుంటాం. కళ్లు మసకబారాయి అనగానే అడవి పోయింది. మోకాలు నొప్పి అనగానే చెరువు పోయింది. ఇక వాళ్లు నిజం చెప్పడం మానేస్తారు. నిజం తెలియకుండా కాపాడటం ఎట్లా? మన భయం వాళ్లను మరింత ప్రమాదంలోకి నెడుతుంది. దొడ్డి దగ్గర నాయన పడిపోవడం ప్రమాదమే. ఆ సంగతి మూడు రోజులు మాకు తెలియకపోవడం అంతకంటే పెద్ద ప్రమాదం.

ఇంకో మాట. 1871లో మొదలైన నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల వంటి మన సోదర తెగలవాళ్లు ఊరు దాటాలంటే పోలీసులకు చెప్పుకుని అనుమతి తీసుకోవాల్సి వచ్చేది. తిరగడమే నేరం. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952లో. అది పోయి డెబ్బై ఏళ్లు దాటాక, ప్రేమ వల్లనే అయినా, మన ముసలివాళ్లు ఊరు దాటడానికి మన అనుమతి కోసం అరుగు మీద కాచుకుని కూర్చోవడం మాకు నచ్చలేదు.

కానీ ఇంతటితో నాయన పక్షాన తీర్పు చెప్పేస్తే అది సగం ఆలోచనే అవుతుంది. చెల్లెలు మర్నాడే వచ్చింది. నాయనను డాక్టరుగారి దగ్గరికి తీసుకుపోయేముందు, మాతో ఒక మాట అంది. "ఆయన కోరిక ఆయనది. సరే. పడితే లేపేది ఎవరు? మంచం పడితే మూత్రం ఎత్తేది ఎవరు? నువ్వా? నేను. ఆయన ప్రాణం ఆయన ఒక్కడిదే అయితే, నాకెందుకు రాత్రిళ్లు నిద్ర పట్టటంలా?"

దీనికి జవాబు లేదు. మనిషి ఒంటరి చెట్టు కాదు. ఆయన పడితే బండి పడుతుంది, బండి పడితే మేమూ పడతాం. మా పిల్లలు రోడ్డున పడతారు. కోరిక ఆయనదైనా దాని బరువు ఇంటిల్లిపాదిదీ. కాబట్టి దారి ఎంచుకునే హక్కు నాయనకు ఉంటే, ఒంటి సంగతి దాచకుండా చెప్పాల్సిన బాధ్యత కూడా ఆయనకు ఉంది. మనవాళ్లు గుంపుగా అడవికి పోయినప్పుడు కాలికి ముల్లు దిగినవాడు చెప్పి తీరాలి. దాచి నడిస్తే చీకటి పడేవేళకు అందరూ అతనితో పాటు ఆగిపోవాల్సి వస్తుంది. ఇది నాయన మాకు చిన్నప్పుడు చెప్పిందే. తిరిగి ఆయనకే చెప్పాం. నవ్వాడు.

డాక్టరుగారు చూసి, బీపీ మాత్ర వేసుకున్నాక గబుక్కున లేచి నిలబడితే కొందరికి రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి అన్నారు. మాత్ర తగ్గించి, వేసుకునే వేళ మార్చారు. నీళ్లు తక్కువ తాగుతున్నారు, అదీ కారణం అన్నారు. ఎందుకు తక్కువ తాగుతున్నావు నాయనా అంటే అప్పుడు బయటపడింది. మేం బండి మీద పోవడం అభ్యాసం చేస్తున్నప్పటి నుంచి, దారిలో మాటిమాటికీ ఆపమని అడగాల్సి వస్తుందని ముందుగానే నీళ్లు తగ్గించుకున్నాడట. మాకు తొందర ఎక్కువని ఆయనకు తెలుసు. మీలో ఎవరైనా ముసలివాళ్లను బండి మీద తీసుకుపోతే మొట్టమొదట అడగవలసింది ఇదే. ఆపమని అడగడానికి మొహమాటపడుతున్నారా అని. పెట్రోలు, టైర్ల గాలి తర్వాత చూసుకోవచ్చు.

వారం తర్వాత మళ్లీ చూపించాం. ప్రయాణం చేయొచ్చు, కానీ ఆగుతూ పొమ్మన్నారు. ఆయన వద్దని ఉంటే? ఆ ప్రశ్న మాకు మేమే వేసుకున్నాం. వద్దంటే మేం బండి నడపకపోయేవాళ్లం. అది మా చేతులకు సంబంధించిన మాట, చెప్పే హక్కు మాకుంది. కానీ "నువ్వు పోకూడదు" అనేది వేరే మాట. ఈ రెండింటినీ మనం ఒకటిగా కలిపేస్తాం. బండి నడపను అన్నవాడు ఆటోనో, కారో, రైలో చూడాలి. అదీ కుదరకపోతే మేనత్తను ఇక్కడికి తీసుకురావాలి. కాదన్నంత మాత్రాన కొడుకు పని అయిపోదు.

2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం గురించి మేం బడిలో పెద్ద తరగతుల పిల్లలకు చెబుతుంటాం. తిండి, బట్ట, నీడ, వైద్యం పిల్లలు చూడాలని అందులో ఉంది. దాంతోపాటు, వాళ్లు సాధారణ జీవితం గడపడానికి అవసరమైనవి చూడటం కూడా పిల్లల బాధ్యత అని ఉంది. ఈ ముక్క దగ్గర ఈసారి ఆగాం. నాయనకు సాధారణ జీవితం అంటే ఏమిటి? నాలుగు గోడల మధ్య ఫ్యాను కింద పడుకోవడం ఆయనకు సాధారణం కాదు. ఆయన జీవితంలో ముప్పాతిక వంతు దారి మీదే గడిచింది.

ఇక మానిపించం అని గట్టిగా చెప్పిన రాత్రి, నాయన అసలు సంగతి చెప్పాడు. అప్పటిదాకా ఆ దారే ఎందుకో, బండే ఎందుకో మేం అడగలేదు. పాత రోజులు గుర్తొచ్చి అడుగుతున్నాడనుకున్నాం.

మాకంటే ముందు ఒక బిడ్డ పుట్టి పోయాడని మాకు తెలుసు. అంతే తెలుసు. ఆ మాట వస్తే అమ్మ లేచి పెరట్లోకి పోయేది. అమ్మ పోయి అయిదేళ్లయింది. ఇంటికి పెద్దకొడుకులమైన మమ్మల్ని నాయన ఇప్పటికీ చిన్నోడా అనే పిలుస్తాడు. ఎందుకని ఎన్నడూ ఆలోచించలేదు. పెద్దోడు ఉన్నాడు కాబట్టి.

రాపూరు దాటాక, రోడ్డు వదిలి లోపలికి పోతే ఒక చెరువు కట్ట. ఆ పక్క కంపచెట్లు నరికి బొగ్గు బట్టీలు పెట్టారట. అమ్మా నాయనా అక్కడ పనికి పోయారు. పిల్లవాడికి మూడేళ్లు. జ్వరం వచ్చింది. రెండో రాత్రికి పోయాడు. చెరువు కట్ట చివర, రెండు తాటిచెట్ల నడుమ పూడ్చారు. మర్నాడు మళ్లీ బట్టీకి పోయారు. జనన మరణాలు నమోదు చేయాలని చట్టం 1969లోనే వచ్చింది. బొగ్గు బట్టీ దాకా రాలేదు. ఆ బిడ్డకు పుట్టిన కాగితం లేదు, పోయిన కాగితం లేదు, ఫోటో లేదు. మన తెగ గురించి థర్స్టన్ దొర 1909లో రాశాడు. వెన్నెలకంటి రాఘవయ్యగారు 1962లో యానాదుల మీద ఇంగ్లీషులో ఒక పుస్తకమే తెచ్చారు. రెండింటి పేర్లూ మా గుర్తింపు సమావేశాల్లో చెప్పుకుంటాం. ఆ తాటిచెట్ల సంగతి మాత్రం ఒక్క మనిషికే తెలుసు. ఆయనకు కళ్లు తిరుగుతున్నాయి.

"బస్సు ఆడ ఆగదు చిన్నోడా. కారు లోపలికి పోదు. బండయితే కట్ట మీదికి పోద్ది" అన్నాడు. "తాటిచెట్లు ఉంటయ్యో లేదో. అయినా కట్ట మలుపు నాకు గుర్తే. నేను పోతే ఆడ ఒకడుండాడని ఎవురికీ తెలవదు."

ముందే ఎందుకు చెప్పలేదని ఈసారి మేం అడగలేదు. చెల్లెలు మాత్రం ఆ రాత్రి ఫోనులో చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేనూ వస్తా, రాపూరు దాకా బస్సులో వచ్చి అక్కడ కలుస్తా" అంది. మందుల సంచి తాను తెస్తానంది.

ఇప్పుడు ప్రణాళిక నోటుపుస్తకంలో ఉంది. మూడు రోజులు పోవడానికి, రెండు రోజులు మేనత్త దగ్గర. వచ్చేటప్పుడు నాయన రైల్లో. సూళ్లూరుపేటలో ఎక్కి కావలిలో దిగుతాడు, మేనత్త కొడుకు తోడు వస్తాడు. కావలి నుంచి వింజమూరుకు బస్సు. బండి మేం ఒంటరిగా తెచ్చుకుంటాం. దీనికి నాయన వెంటనే ఒప్పుకున్నాడు. వచ్చేటప్పుడు ఆగాల్సిన చోట్లు ఏమీ లేవన్నాడు. పొదలకూరు దగ్గర రాత్రి ఆగడానికి చుట్టాల ఇల్లు ఆయనే ఖాయం చేశాడు. గూడూరులో ఎక్కడ ఆగాలో ఇంకా తేలలేదు. లాడ్జి అంటే ఆయనకు ఇష్టం లేదు, చుట్టాల ఇంటికి మెట్లు ఎక్కువ. ఈ ఒక్కటి మీద ఇంకా వాదించుకుంటున్నాం.

తీసుకుపోవలసిన వస్తువుల పేజీలో మాత్రలు, నీళ్లసీసా, పీట, టార్చి, హెల్మెట్లు, ఆధార్ కార్డు జెరాక్సులు రాసి ఉన్నాయి. వాటి కింద నాయన చెబుతుంటే మా ఇంటామె రాసింది. మేనత్తకు చీర. అరకిలో బొరుగులు, బెల్లం. కొత్త చొక్కా ఒకటి, చిన్నది. సంక్రాంతి పెద్దల పండగ కదా, పోయినవాళ్లకు కొత్తబట్ట పెట్టాలి.

"కొలత ఎంత మామా?" అని ఆమె అడిగింది.

నాయన అరుగు మీద నుంచి లేవకుండానే, చెయ్యి నేలకు కొంచెం పైన, మోకాలి దగ్గర పెట్టి చూపించాడు.